గురి కార్డుల లెక్క తప్పకుండా: షూటింగ్ క్లబ్‌లో టోకెన్ పద్ధతి పెట్టుకోవడం ఎలా

మా రేంజ్ భీమవరం దగ్గర ఒక పాత రైసు మిల్లు గోడౌన్‌లో ఉంది. ఒకప్పుడు ధాన్యం బస్తాలు నిట్టు కట్టిన చోట ఇప్పుడు ఆరు లేన్లు ఉన్నాయి. ఉన్నదల్లా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ మాత్రమే. ఉండి, ఆకివీడు, వీరవాసరం, పాలకొల్లు నుంచి పిల్లలు బస్సుల్లో వస్తారు. ఎలక్ట్రానిక్ టార్గెట్లు పెట్టుకునే స్తోమత మాకు లేదు, పేపర్ కార్డుల మీదే సాధన అంతా. కార్డు చూడ్డానికి చిన్న ముక్కే గానీ, నెల తిరిగేసరికి క్లబ్ ఖర్చులో పెద్ద భాగం దానిదే.

మొదట్లో మా దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. ఎవరు ఎన్ని కార్డులు తీసుకుంటే అన్ని వాళ్ళే రాసుకోవాలి. పిల్లలు నిజాయితీగానే రాసేవారు, కానీ మర్చిపోయేవారు. నెలాఖరుకి ప్రతిసారీ వంద, నూట యాభై కార్డుల తేడా వచ్చేది. ఎవరూ ఎవరినీ పైకి ఏమీ అనలేదు. కానీ అందరి చూపూ కార్డులు మార్చే కుర్రాడి మీదే ఉండేది. ఆ అబ్బాయి ఒక వారం రావడం మానేశాడు. తర్వాత నేనే కూర్చుని కొత్తగా వచ్చిన కట్టలు విప్పి లెక్కపెట్టాను. వంద అని అచ్చు వేసిన కట్టలో ఒకదాన్లో తొంభై ఆరు, ఇంకోదాన్లో తొంభై నాలుగు. కొన్నచోటే తక్కువ వస్తుంటే మేం మా పిల్లాణ్ణి అనుమానించాం. వాళ్ళింటికి వెళ్ళి తీసుకొచ్చుకున్నాను. టోకెన్ ఇస్తేనే కార్డులిచ్చే ఈ పద్ధతి పెట్టింది ఆ మరుసటి వారమే. అందుకే నా దృష్టిలో ఈ పద్ధతి డబ్బు కాపాడడానికి కాదు, అమాయకుడి మీద మాట పడకుండా ఉండడానికి. కిందివన్నీ మేం చేసి, తప్పులు దిద్దుకుని నిలబెట్టుకున్నవి.

ముందు నిల్వ తేల్చుకోండి

టోకెన్లు చేయించడానికి ముందే బీరువాలో ఉన్న కార్డులన్నీ ఒక్కసారి చేత్తో లెక్కపెట్టాలి. ఇది తప్పించుకోలేని పని. రైఫిల్ కార్డు 8 సెంటీమీటర్ల చదరం, పిస్టల్ కార్డు 17 సెంటీమీటర్ల చదరం. రెండూ వేర్వేరుగా లెక్కపెట్టి, వేర్వేరు పెట్టెల్లో పెట్టండి. మన పెద్దవాళ్ళు ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనకుండా 'లాభం' అని మొదలుపెట్టి తర్వాత రెండు, మూడు అనేవారు. మీరూ అలాగే మొదలుపెట్టినా పర్వాలేదు, మధ్యలో ఎవరూ పలకరించకుండా చూసుకోండి చాలు.

కొత్త సరుకు వచ్చినప్పుడు ప్రతి కట్టా విప్పి లెక్కపెట్టాలి. తక్కువ వస్తే ఆ రోజే ఫోటో తీసి అమ్మినవాళ్ళకు పంపండి. వారం తర్వాత చెబితే ఎవరూ నమ్మరు.

లెక్కకి ఓపిక లేకపోతే కాటా వాడొచ్చు. వంద కార్డులు చేత్తో లెక్కపెట్టి తూచి, ఆ తూకంతో మిగతావి లెక్కకట్టాలి. అయితే మన డెల్టాలో ఒక చిక్కుంది. కాగితం తేమ పీల్చుకుంటుంది. ఏప్రిల్‌లో తూచిన వందకీ, ఆగస్టు ముసుర్లో తూచిన వందకీ తూకం ఒకటి కాదు. వెనకటి తూకం పట్టుకుని ఈ రోజు లెక్క కట్టకండి. తూచిన ప్రతిసారీ కొత్తగా వంద లెక్కపెట్టాల్సిందే.

ఒక టోకెన్‌కి ఎన్ని కార్డులు

ఇక్కడే చాలామంది తడబడతారు. కార్డుకో టోకెన్ పెడితే లెక్క సూటిగా ఉంటుంది గానీ, ఒక్కో పిల్లకి నలభై, అరవై టోకెన్లు ఇవ్వాలి. కౌంటర్ దగ్గర ఆ గలగలకే పొద్దుపోతుంది. వందకో టోకెన్ అంటే చిన్నపిల్లలు అంత వాడరు, మిగిలినవి తిరిగిస్తారు, అక్కడ లెక్క చెడుతుంది.

మేం పది షాట్లకు ఒక టోకెన్ అనుకున్నాం. రైఫిల్‌కి కార్డుకొక్క షాటు కాబట్టి ఒక టోకెన్‌కి పది కార్డుల కట్ట. పిస్టల్‌కి మామూలు సాధనలో కార్డు మీద ఐదేసి షాట్లు కొట్టనిస్తాం కాబట్టి ఒక టోకెన్‌కి రెండు కార్డులు. కార్డుల సంఖ్య వేరైనా, టోకెన్‌కి షాట్లు పదే. ఇది తర్వాత ఇంకో లెక్కకి ఎంత పనికొస్తుందో ముందుముందు చెబుతాను.

మ్యాచ్ ప్రాక్టీసు రోజు వేరు. పోటీలో ఉండేది 60 షాట్లు. పేపర్ కార్డుల మీద పోటీ పెడితే పిస్టల్‌కి కూడా కార్డుకొక్క షాటే. దానికి ముందు గురి సరిచూసుకునే సైటర్ షాట్లకు నాలుగు కార్డులు. వాటి కుడిపై మూలన నల్ల గీత ఉంటుంది. అంటే మొత్తం 64 కార్డులు. దానికి మేం పెద్ద ఎర్ర టోకెన్ ఒకటి పెట్టాం. ఎర్ర టోకెన్ ఇస్తే 64 కార్డులు కట్టిన సంచి చేతికి వస్తుంది. విడి టోకెన్లతో మ్యాచ్ ఆడనివ్వం.

కార్డులు ముందురోజు సాయంత్రమే పదేసి కట్టి రబ్బరు బ్యాండు వేసి ఉంచాలి. ఆట రోజు, జనం నిలబడి ఉన్నప్పుడు లెక్కపెట్టి ఇవ్వబోతే తొమ్మిదీ పదకొండూ పడిపోతాయి. కట్టలు కట్టేది ఇద్దరు. ఒకరు లెక్కపెడితే ఇంకొకరు సరిచూస్తారు. ఈ పని మా దగ్గర పెద్దపిల్లలు వంతులవారీగా చేస్తారు.

టోకెన్ దేంతో చేయించాలి

అట్టముక్కలు వద్దు. మేం మొదట లామినేషన్ చేయించిన అట్టలే వాడాం. అక్టోబరు వానలకు అంచులు ఊడి, లోపల నీరు చేరి ఉబ్బిపోయాయి. ఇనుపవి ఉప్పుగాలికి తుప్పు పడతాయి. చివరికి హార్డ్‌వేర్ షాపులో స్టెయిన్‌లెస్ స్టీలు వాషర్లు కొన్నాం. వాటి మీద సుత్తితో నంబరు పంచ్ కొట్టించుకున్నాం. రంగు రాసిన నంబరు మూడు నెలలకు చెరిగిపోతుంది, పంచ్ కొట్టింది పోదు.

రైఫిల్ టోకెన్ గుండ్రం, పిస్టల్ టోకెన్ చదరం. రంగు ఒక్కటే తేడాగా పెట్టుకోకండి. కరెంటు పోయినప్పుడు చేత్తో తడిమినా ఏది ఏదో తెలియాలి. చదరపువాటిని వెల్డింగ్ షాపులో మందపాటి స్టీలు రేకు మీద కోయించాం. అంచులు ఆకురాయితో రాయించడం మర్చిపోవద్దు. మొదటి వారం ఒక చిన్నపిల్ల వేలు తెగింది, ఆ తర్వాతే రాయించాం. అది ముందే చేయాల్సిన పని. ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తే బాధగానే ఉంటుంది.

ఎన్ని చేయించాలి? ఆదివారం మీ దగ్గర గట్టిగా పోయే కట్టలెన్నో చూసుకోండి. మా దగ్గర పాతికమంది నాలుగేసి కట్టలు కొడతారు, అంటే వంద. దానికి సగం కలిపి నూట యాభై గుండ్రం టోకెన్లు చేయించాం. ఆ సంఖ్య మీద గీత గీసినట్టే. మధ్యలో "ఇంకో పది కొట్టించుకుందాం" అని ఎప్పుడూ అనకూడదు. మొత్తం టోకెన్లు ఎన్నో తెలిసినంతకాలమే ఈ పద్ధతి నిలుస్తుంది.

టోకెన్ నడిచే దారి

ఇందులో ఒక్క సూత్రమే ఉంది. కార్డు బయటికి వచ్చిన ప్రతిసారీ ఒక టోకెన్ లోపలికి వెళ్ళాలి. మా తాతగారు కోనసీమలో కొబ్బరికాయలు లెక్కపెట్టించేటప్పుడు నూరు కాయలకు ఒక కాయ పక్కన పెట్టించేవారు. గుట్ట ఎంత పెద్దదైనా, చివర్లో పక్కన ఉన్న కాయలు చూస్తే ఎన్ని వందలో తెలిసిపోయేది. మన టోకెన్ చేసే పనీ అదే.

మా గోడకి ఒక చెక్క ఉంది. దాని మీద ప్రతి షూటర్ పేరు, పేరు కింద ఒక మేకు. డబ్బు కట్టినవాళ్ళకి టోకెన్లు చేతికివ్వం, వాళ్ళ మేకుకే తగిలిస్తాం. వాషర్లకి కన్నం ఉండడం వల్ల ఇది కుదిరింది. సాధనకి వచ్చినప్పుడు మేకు నుంచి ఒక టోకెన్ తీసుకుని, కార్డుల కౌంటర్ మీదున్న హుండీలో వేయాలి. టోకెన్ పడ్డ చప్పుడు వినిపించాకే కట్ట చేతికి వస్తుంది. హుండీకి తాళం, తాళంచెవి కౌంటర్‌లో కూర్చున్నవాళ్ళ దగ్గర ఉండదు. డబ్బు తీసుకుని టోకెన్లు తగిలించేవాళ్ళొకరు, కార్డులిచ్చేవాళ్ళొకరు, సాయంత్రం హుండీ తెరిచేవాళ్ళొకరు. చిన్న క్లబ్‌లో ముగ్గురు దొరకరు అంటారా, కనీసం ఇద్దరైనా ఉండాలి. డబ్బూ కార్డులూ ఒక్కరి చేతిలోనే ఉంటే, తేడా వచ్చిన రోజున ఆ మనిషికి తన నిజాయితీ చూపించుకునే దారి ఉండదు.

టోకెన్లు ఇంటికి పట్టుకెళ్ళనివ్వొచ్చా అని కొందరు అడుగుతారు. నేను వద్దంటాను. పోతాయి, ఒకరివొకరు మార్చుకుంటారు. మేకు మీద ఉంటే మూడు వారాలు వానలకి రాలేని పిల్లకి కూడా తన టోకెన్లు తనకే ఉన్నాయన్న ధీమా ఉంటుంది. గడువు పెట్టకండి. డబ్బు కట్టిన కార్డు వాళ్ళదే.

ఫీజు కట్టలేని పిల్లలు ప్రతి క్లబ్‌లోనూ ఉంటారు. వాళ్ళకి క్లబ్ తరఫున టోకెన్లు ఇస్తాం. ఆ టోకెన్లకి వేరే రంగు, వేరే గుర్తు పెట్టకండి, ఇది చేతులు జోడించి చెబుతున్నాను. ఎవరివి ఉచితమో చిట్టాలో ఉంటే చాలు, చెక్క మీద అందరివీ ఒకేలా వేలాడాలి.

ఇంకో మాట. టోకెన్ లావాదేవీ ఏదైనా నిలబడి కొట్టే చోటుకి, అంటే ఫైరింగ్ పాయింట్‌కి, దూరంగా జరగాలి. గన్ చేతిలో ఉండగా ఎవరూ హుండీ దగ్గరికి రాకూడదు. గన్ ఖాళీ చేసి, ఖాళీ అని తెలిపే సేఫ్టీ ఫ్లాగ్ పెట్టి, బల్ల మీద ఉంచాకే లేవాలి. కార్డు ఫ్రేములు సరిచేయడానికి టార్గెట్ల వైపు ఎవరైనా వెళ్ళాలంటే మా దగ్గర అరచేయంత ఎర్ర పలక ఒకటుంది. ముందు ఫైరింగ్ ఆపమని పిలుపు, ఆరు లేన్లలోనూ గన్‌లు ఖాళీ అయ్యాయని కోచ్ చూసుకోవడం, అప్పుడు ఆ పలక తీసుకుని లోపలికి వెళ్ళడం. పలక తన కొక్కేనికి తిరిగొచ్చేదాకా ఎవరూ గన్ ముట్టరు. సింగిల్ లైను రోజుల్లో టోకెన్ చేతికందనిదే రైలు డ్రైవరు స్టేషన్ దాటేవాడు కాదు, గుర్తుందా? ఇదీ అంతే. పలక ఒక్కటే ఉండాలి, రెండోది చేయించకూడదు.

సాయంత్రం పది నిమిషాలు

రేంజ్ మూశాక హుండీ తెరవాలి. టోకెన్లు బల్ల మీద గుమ్మరించి గుండ్రాలు, చదరాలు, ఎర్రవి విడదీయండి. చిట్టాలో రోజుకొక్క వరుస చాలు: పొద్దున్న నిల్వ, వచ్చిన సరుకు, హుండీ లెక్క, పాడైనవి, ఉండాల్సిన నిల్వ, ఉన్న నిల్వ, సంతకం.

ఒక రోజు చూద్దాం. పొద్దున్న రైఫిల్ కార్డులు 1,840. సరుకు రాలేదు. హుండీలో గుండ్రం టోకెన్లు 47, అంటే 470 కార్డులు. తడిసి పక్కన పెట్టినవి 3. ఉండాల్సినవి 1,367. బీరువాలో లెక్కపెడితే అన్నే ఉన్నాయి. సంతకం చేసి ఇంటికెళ్ళొచ్చు.

తర్వాత టోకెన్ల లెక్క. హుండీలో 47, ఇంకా ఎవరికీ ఇవ్వనివి డబ్బాలో 65, చెక్క మీద వేలాడుతున్నవి 38. కలిపితే 150. ఎక్కడా పోలేదన్నమాట. ఆ 38 టోకెన్ల సంగతి గుర్తుంచుకోండి. అవి మనం పిల్లలకి బాకీ ఉన్న 380 కార్డులు. మా లెక్క ప్రకారం, ఆ బాకీకి రెండు వారాల వాడకం కలిపి, నిల్వ అంతకు దిగితే కొత్త సరుకు చెప్పేయాలి. అక్టోబరు, నవంబరు తుపాన్ల రోజుల్లో రెండు కాదు, నాలుగు వారాలు చూసుకుంటాం. రోడ్డు మునిగితే లారీ రాదు.

తేడా వచ్చినప్పుడు

తేడా అంకెను బాగా చూడండి. అదే చాలావరకు కారణం చెబుతుంది.

సరిగ్గా పది తక్కువైతే, టోకెన్ పడకుండానే ఒక కట్ట బయటికి పోయింది. హడావిడిలో "తర్వాత వేస్తాలెండి" అన్నవాళ్ళెవరో ఉంటారు. ఆ సాయంత్రమే గ్రూప్‌లో మెసేజ్ పెడితే దాదాపు ప్రతిసారీ ఎవరో ఒకరు "ఆయ్, నాదేనండి, మర్చిపోయాను" అంటారు. సరిగ్గా పది ఎక్కువైతే, టోకెన్ వేసి కట్ట తీసుకోకుండా వెళ్ళిపోయిన పిల్లలున్నారని అర్థం. వాళ్ళని వెతికి ఇవ్వాలి.

ఒకటి, రెండు, మూడు తేడా అయితే కట్ట కట్టడంలో తప్పు. మిగిలిన కట్టలు నాలుగైదు విప్పి చూడండి. కొత్త కార్డులు తేమకి ఒకదానికొకటి అంటుకుని రెండు ఒకటిగా పోతుంటాయి. వేలి కొనతో అంచు విదిలిస్తే విడిపోతాయి.

ముప్పై, నలభై తేడా వస్తే ముందు చిట్టాలో కూడికలు చూడండి. నిన్నటి నిల్వ ఈ రోజు పేజీకి ఎక్కించేటప్పుడు 1,376 కాస్తా 1,367 అయిపోవడం నేనే రెండుసార్లు చేశాను. అది తొమ్మిది తేడా. తొమ్మిదితో భాగారం పోయే తేడా వస్తే అంకెలు తారుమారై ఉండొచ్చని బ్యాంకులో పనిచేసే మా బావ చెప్పాడు. అప్పటినుంచి ముందు అదే చూస్తాను.

ఇవన్నీ చూశాకే మనుషులని అడగాలి. అదీ అందరి ముందు కాదు.

పాడైన కార్డు, పక్క లేన్ షాటు

అచ్చు చెదిరిన కార్డు, తడిసిన కార్డు, క్లిప్పులో చిరిగిన కార్డు, ఇవి షూటర్ తప్పు కాదు. పాత కార్డు ఇస్తే కొత్తది ఉచితంగా ఇచ్చి, పాతది 'పాడు' డబ్బాలో వేస్తాం. సాయంత్రం ఆ డబ్బా లెక్కే చిట్టాలో పడుతుంది. కార్డు చేతికి ఇవ్వకుండా నోటిమాట మీద కొత్తది ఇవ్వకూడదు.

ముసురు రోజుల్లో మెత్తబడిన కార్డుకి కన్నం నీటుగా పడదు, అంచులు చీలిపోతాయి. రైఫిల్ కార్డులో పది పాయింట్లు అంటే నడిమధ్య అర మిల్లీమీటరు చుక్క. అంచు చీలితే కన్నంలో కొలిచే గేజ్ పెట్టినా తగువే. కార్డుల పెట్టెలో సున్నపు మూట గానీ సిలికా జెల్ గానీ ఉంచండి.

పక్క లేన్ కార్డు మీద షాటు పడితే? పోటీలో అయితే అలా కొట్టినవాళ్ళకి ఆ షాటు మిస్. సాధనలో మేం ఏం చేస్తామంటే, కార్డు పాడైన పిల్లకి 'పాడు' డబ్బా ద్వారా కొత్తది ఇస్తాం, కొట్టినవాళ్ళ నుంచి ఏమీ తీసుకోం. మొదట్లో టోకెన్ తీసుకునేవాళ్ళం. దాంతో పిల్లలు చెప్పడం మానేశారు. కార్డు కన్నా ఆ పిల్ల ఏ లేన్ చూసి కొడుతోందో తెలియడం కోచ్‌కి ముఖ్యం.

వాడేసిన కార్డుల వెనకవైపు తెల్లగా ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కే తీరు నేర్చుకునే పిల్లలకి నల్ల వృత్తం కనపడకుండా ఆ తెల్ల వైపు పెట్టి కొట్టిస్తాం. దానికి టోకెన్ లేదు, కానీ పది షాట్లకో గీత చొప్పున చిట్టాలో గీస్తాం.

నెలకోసారి సీసం తూకం

పైన చెప్తానన్న లెక్క ఇదే. ఎయిర్ గన్‌లో వాడే సీసపు గుండు, అంటే 4.5 మిల్లీమీటర్ల మ్యాచ్ పెల్లెట్, సుమారు అర గ్రాము ఉంటుంది, రైఫిల్ పెల్లెట్ అయితే ఇంకాస్త ఎక్కువ. నెలలో హుండీలో పడ్డ టోకెన్లు గుండ్రం, చదరం కలిపి 1,100 అనుకుందాం. అంటే 11,000 షాట్లు. టార్గెట్ల వెనక పెల్లెట్లు పట్టుకునే పెట్టెల్లో, అంటే ట్రాపుల్లో, ఐదున్నర నుంచి ఆరు కిలోల సీసం ఉండాలి. ఎర్ర టోకెన్‌కి 60 షాట్లు, చిట్టాలోని గీతకి పది, సైటర్లకి కాస్త, కలుపుకోవాలి. పదోవంతు అటూ ఇటూ అయితే సరే. ఎనిమిది కిలోలు వచ్చిందంటే మాత్రం టోకెన్ లేకుండా ఎవరో సాధన చేస్తున్నారు. మా దగ్గర ఒకసారి అలాగే వచ్చింది. విచారిస్తే పొద్దున్నే రేంజ్ ఊడ్చే పెద్దాయన మనవడు, వాడేసిన కార్డులు మళ్ళీ పెట్టుకుని, అరువు గన్‌తో ఒంటరిగా కొడుతున్నాడు. ఒంటరిగా కొట్టకూడదని గట్టిగానే చెప్పాం. తర్వాత చెక్క మీద అతని పేరు రాసి మేకు కొట్టాం.

సీసం ముట్టుకున్నాక, వాడేసిన కార్డులు లెక్కపెట్టాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ట్రాపులు ఖాళీ చేసేటప్పుడు మాస్కు, గ్లౌజులు తప్పనిసరి. చిన్నపిల్లలకి ఆ పని అసలు చెప్పకండి. పొడి చీపురుతో ఊడిస్తే సీసం దుమ్ము లేస్తుంది, తడిగుడ్డతో తుడవండి.

క్లే టార్గెట్లు, ఎలక్ట్రానిక్ లేన్లు

ఢిల్లీ కర్ణీ సింగ్ రేంజ్ లాంటి చోట్ల షాట్‌గన్‌తో క్లే టార్గెట్లు, అంటే యంత్రం గాల్లోకి విసిరే బిళ్ళలు, కొడతారు. 2004 ఏథెన్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ వెండి పతకం తెచ్చింది ఆ తరహా ఆటలోనే. ఇందులో ట్రాప్ అనే ఆటకి రౌండుకి 25 టార్గెట్లు కాబట్టి టోకెన్ కూడా రౌండుకొకటి పెట్టడం సులువు. యంత్రం కౌంటర్ ఎగిరినవన్నీ లెక్కపెడుతుంది. ఎగురుతూనే పగిలిపోయింది 'నో బర్డ్', దానికి బదులు ఇంకోటి వేయాలి. కాబట్టి కౌంటర్ అంకె ఎప్పుడూ టోకెన్ల లెక్క కన్నా ఎక్కువే ఉంటుంది. నో బర్డ్‌లూ, పొద్దున్న పరీక్షకి వేసినవీ విడిగా రాసుకుంటేనే లెక్క కలుస్తుంది.

ఎలక్ట్రానిక్ లేన్‌లో కార్డు ఉండదు కాబట్టి టోకెన్‌ని సమయానికి పెట్టండి, అరగంటకొకటి.

లైసెన్సు గన్‌లున్న క్లబ్‌లకి ఒక హెచ్చరిక. తూటాల లెక్క చట్టప్రకారం రిజిస్టర్‌లో ఉండాలి. టోకెన్ టార్గెట్ల కోసమే, ఆ రిజిస్టర్‌కి బదులు కాదు.

ఏడాదికోసారి

సంక్రాంతి సెలవులకి రేంజ్ మూసేముందు టోకెన్లన్నీ సబ్బునీళ్ళలో కడిగి, గుడ్డ మీద నంబర్ల వరుసలో పరుస్తాం. ఎక్కడ ఖాళీ ఉంటే ఆ నంబరు పోయినట్టు. పోయిన నంబరుతో మళ్ళీ టోకెన్ కొట్టించకండి. 151 అని కొత్త నంబరు వేసి, పాతది రద్దు అని చిట్టాలో రాయండి. ఎప్పుడో అది దొరికితే హుండీలో పడకుండా పక్కన పెట్టొచ్చు. మా దగ్గర క్రితంసారి 73 కనపడలేదు. వేసవిలో ఒక పాప తన పాత షూటింగ్ జాకెట్‌ని చెల్లెలికి సరిచేయిస్తుంటే లైనింగ్‌లోంచి కిందపడిందట. వాళ్ళమ్మ దాన్ని కాగితంలో చుట్టి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపింది. రద్దయిన టోకెనే అయినా, ఆ పాపకి ఒక కట్ట ఇచ్చి 'పాత బాకీ, పది కార్డులు' అని ఆ రోజు వరుసలో రాశాం.